మబ్బుపట్టిన వేళ పైరు వెలుగు

శ్రావణమాసంలో ఒకనాటి ఉదయం. తొమ్మిది గంటల వేళ. విమానం ఒకటి శంషాబాదు విమానాశ్రయంలో దిగడానికి క్రమంగా కిందికి వస్తున్నది. సూర్యుడు తూర్పున ఉన్నాడు గనుక పడమటి వైపు కిటికీ దగ్గర కూర్చున్నవారికి చేలమీద పరుగెత్తే విమానపు నీడ కనిపిస్తుంది. పత్తిచేను, మొక్కజొన్నచేను, కంది, పచ్చికబయలు ఒకదాని తరువాత ఒకటి దాటి ఆ నీడ ముందుకు సాగుతుంది. శ్రద్ధగా చూచేవారికి మరొక వింత కూడా గోచరిస్తుంది. నీడ చుట్టూ ఉన్న కొద్దిమేర పైరు, తక్కిన చేనికంటె కాంతివంతంగా, మెరుగుపెట్టినట్లు ఉంటుంది. విమానం బాగా ఎత్తున ఉన్నప్పుడు నీడ కానరాదు. ఆ వెలుగుమచ్చ మాత్రం అప్పుడు కూడా విమానం వెంట చేలమీద సాగివస్తూనే ఉంటుంది.

ఇంతలో ఒక మబ్బు సూర్యునికి అడ్డం వస్తుంది. నీడ మాయమవుతుంది. దానితోపాటే వెలుగుమచ్చ కూడా మాయమవుతుంది. అంతవరకు ఒకచోట మెరిసి, ఒకచోట నల్లబడి కనిపించిన చేను ఒక్కసారిగా చదునైన పచ్చరంగు పూసిన గోడలాగా తయారవుతుంది. చేలో ఒక్క ఆకైనా రాలలేదు. ఒక్క మొక్కైనా వాడలేదు. అయినా పైరు రూపు మారిపోయింది. మరి మారినదేమిటి?

ఇది పొద్దుపోక వేసుకొనే ప్రశ్న కాదు. శంషాబాదు నుంచి బెంగుళూరు రహదారి మీద ఇంకా కొంతదూరం దక్షిణంగా పోతే షాద్‌నగర్ వస్తుంది. అక్కడ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చెందిన భూకేంద్రం ఉన్నది. 1979లో అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పంపే చిత్రాలను అందుకోవడంతో ఆ కేంద్రం పని మొదలుపెట్టింది. 1988 మార్చి 17న మన దేశపు తొలి పూర్తిస్థాయి దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ ఆకాశానికి ఎగసిన తరువాత మన ఉపగ్రహాల చిత్రాలు కూడా అక్కడి ఆంటెన్నాలే అందుకుంటున్నవి. ఏ ప్రాంతంలో ఎంత విస్తీర్ణం పైరు వేశారు, పైరు ఏపుగా ఉన్నదా, వాడుముఖం పట్టిందా అనే విషయాలను ఆ చిత్రాలనుంచి తెలుసుకుంటారు. 2016 డిసెంబరులో కేంద్రప్రభుత్వం వెలువరించిన కరువు నిర్వహణ గ్రంథంలో, కరువును నిర్ణయించడానికి చూడవలసిన సూచికల్లో ఉపగ్రహం లెక్కగట్టిన పచ్చదనాన్ని కూడా చేర్చారు. ఈ లెక్కలన్నిటికీ మూలం ఒక్కటే: పైరు వెనక్కి పంపిన సూర్యకాంతి. ఆ కాంతిని మబ్బు మార్చితే లెక్క కూడా మారుతుంది. లెక్క తప్పితే పచ్చని చేను ఎండినట్లు, ఎండిన చేను పచ్చగా ఉన్నట్లు కాగితం మీదికి ఎక్కవచ్చు. అందుచేత మబ్బు చేసే మార్పు ఎటువంటిదో తెలుసుకోవడం అవసరం.

ఆకు చేసే బేరం

ముందుగా ఒక్క ఆకును తీసుకుందాం. సూర్యకాంతిలోని రంగులన్నిటినీ ఆకు ఒకే విధంగా చూడదు. ఆకులోని పత్రహరితం నీలికాంతిని (సుమారు 450 నానోమీటర్లు), ఎర్రకాంతిని (సుమారు 670 నానోమీటర్లు) ఆబగా పీల్చుకుంటుంది. ఎరుపులో నూటికి అయిదు వంతులు మాత్రమే వెనక్కి వస్తే గొప్ప. ఆకుపచ్చ కాంతిని (550 నానోమీటర్ల ప్రాంతం) కాస్త తక్కువగా పీల్చి, నూటికి పది పదిహేను వంతులు తిప్పికొడుతుంది. ఆ మిగులును చూచే మనం ఆకును పచ్చనిది అంటున్నాం.

అయితే అసలు విశేషం మన కంటికి ఆనని చోట ఉన్నది. ఎరుపు దాటగానే, 700 నానోమీటర్ల దగ్గరనుంచి పరారుణ కాంతి మొదలవుతుంది. పత్రహరితానికి దీనితో పనిలేదు. ఆకు లోపలి కణాల మధ్య గాలి నిండిన ఖాళీలుంటాయి. కణపు గోడనుంచి గాలికి, గాలినుంచి గోడకు తగిలి తగిలి పరారుణ కాంతి నలుదిక్కులకూ చెదిరిపోతుంది. అందులో నూటికి నలభై యాభై వంతులు ఆకు పైనుంచి బయటికి వస్తుంది. మిగిలినదానిలో చాలాభాగం ఆకును దాటి కిందికి పోతుంది. మన కంటికి పరారుణాన్ని చూచే శక్తి ఉంటే పచ్చని చేలు మనకు కన్ను చెదిరే కాంతితో కనిపించేవి.

ఆకు జబ్బుపడినా, నీరు చాలక వడలినా ఈ బేరం మారుతుంది. ఎరుపు ఎక్కువగాను, పరారుణం తక్కువగాను వెనక్కి వస్తాయి. 1969-70 ప్రాంతంలో కేరళ కొబ్బరితోటలకు తెగులు సోకినప్పుడు, పి. ఆర్. పిషరోటీ నాయకత్వాన శాస్త్రజ్ఞులు హెలికాప్టరులో పోయి, పరారుణాన్ని గ్రహించగల ఫిలింతో ఫోటోలు తీసి తెగులు సోకిన చెట్లను గుర్తించారు. మన దేశంలో దూరసంవేదనకు నాంది పలికినది ఆ ప్రయోగమే. పిషరోటీ వాతావరణ శాస్త్రజ్ఞుడు కావడం గమనింపదగినది. పైరును పైనుంచి చదవాలంటే ఆకాశాన్ని కూడా చదవడం రావాలి.

పున్నమి చంద్రుడు, చేలోని వెలుగుమచ్చ

చేను అంటే ఒక్క ఆకు కాదు. వేలాది ఆకులు అంతస్తులు అంతస్తులుగా అల్లుకొని ఒక పందిరిగా ఏర్పడతాయి. ఈ ఆకుల పందిరిలో ఎండ తగిలే ఆకులు కొన్ని. పై ఆకుల నీడలో ఉన్నవి కొన్ని. సందులలోనుంచి కనిపించే నేల కొంత. పైనుంచి చూచేవారికి ఈ మూడూ కలిసిన మొత్తమే కనిపిస్తుంది. మరి ఏ పాలు ఎంత కనిపిస్తుందనేది సూర్యుడు ఎక్కడున్నాడు, చూచేవారు ఎక్కడున్నారు అనే రెండు విషయాలమీద ఆధారపడి ఉంటుంది.

సూర్యుడు సరిగ్గా మన వీపువెనుక ఉన్నాడనుకుందాం. అప్పుడు మనకు కనిపించే ప్రతి ఆకుకూ ఎండ తగులుతున్నట్లే. ఎందుకంటే సూర్యకిరణం పోయే దారి, మన చూపు పోయే దారి ఒక్కటే. ఆకు వెనుక నీడ ఉన్నది, కాని ఆ నీడను ఆ ఆకే మన కంటికి అడ్డుగా నిలిచి దాచివేస్తుంది. కాబట్టి ఆ దిక్కున నీడ అనేదే లేనట్లు పైరు మెరుస్తుంది. చూపు కొంచెం పక్కకు తిప్పితే దాగిన నీడలు బయటపడి చేను నల్లబడుతుంది. విమానంలోనివారికి కనిపించిన వెలుగుమచ్చ రహస్యం ఇదే. శాస్త్రజ్ఞులు దీనిని 'హాట్‌స్పాట్' అంటారు. విమానం ఎత్తుకు పోయినకొద్దీ దాని నీడ అంచులు పలచబడి కనపడకుండా పోతుంది. వెలుగుమచ్చకు ఆ బాధ లేదు, అది చేలోని ఆకుల చేత పుట్టినది.

ఇటువంటిదే మరొకటి అందరూ ఎరిగినది ఉన్నది. అష్టమినాటి చంద్రబింబం పున్నమి బింబంలో సగం. వెలుగు కూడా సగమే కావాలి గదా! కాని నిజానికి అది పున్నమి వెలుగులో సుమారు పదోవంతు మాత్రమే. పున్నమినాడు సూర్యుడు మన వెనుకవైపు ఉండడం వలన చంద్రుని మీది గుంటలు, గుట్టలు, దుమ్మురేణువుల నీడలు వాటి వెనుకనే దాగిపోతాయి. అష్టమినాడు ఆ నీడలన్నీ మనకు కనిపిస్తాయి. పున్నమి అంతగా పండువెన్నెల కురియడానికి ఇది ఒక ముఖ్యకారణం.

దీనినిబట్టి తేలేదేమంటే, పైరు వెలుగు పైరుకు మాత్రమే చెందిన గుణం కాదు. అది పైరు, సూర్యుడు, చూచేవాడు – ఈ ముగ్గురి ఉమ్మడి వ్యవహారం. మబ్బు ఈ వ్యవహారంలో నాలుగో భాగస్వామిగా ప్రవేశిస్తుంది.

మేఘం చేసే మూడు పనులు

మొదటిది, వెలుగు పరిమాణాన్ని తగ్గించడం. ఆకాశం నిర్మలంగా ఉండి సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చదరపు మీటరు నేలమీద సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడుతుంది. దట్టమైన వానమబ్బు కమ్మితే అది 100, 200 వాట్లకు కూడా దిగిపోవచ్చు. మేఘం ఈ కాంతిని ఎక్కువగా మింగడం లేదు. పైకి తిప్పి పంపివేస్తున్నది. విమానం మబ్బుల మీదికి పోయినప్పుడు అవి తెల్లగా ధగధగలాడడానికి కారణం అదే.

రెండవది, వెలుగు దిక్కును చెరపడం. నిర్మలాకాశం కింద చేనికి అందే వెలుగులో నూటికి ఎనభై తొంభై వంతులు సూర్యునినుంచి తిన్నగా వచ్చేది. మిగిలినది గాలిలో చెదిరి ఆకాశం నలుమూలలనుంచి వచ్చే నీలికాంతి. మబ్బు పూర్తిగా కమ్మినప్పుడు తిన్నగా వచ్చే కాంతి దాదాపు ఉండదు. మిల్లీమీటరులో నూరోవంతు ప్రమాణంగల నీటి బిందువులకు తగిలి తగిలి చెదిరిన కాంతి ఆకాశమంతటినుంచి సమంగా కురుస్తుంది. దిక్కులేని వెలుగుకు నీడ ఉండదు. నీడే లేకపోతే దానిని దాచే వెలుగుమచ్చా ఉండదు. విమానంలోనుంచి చూచినవారికి చేను చదునైన గోడలాగా తోచింది ఇందువల్లనే.

ఈ చెదిరిన వెలుగు ఆకుల పందిరిలోకి తిన్నని ఎండకంటె బాగా చొచ్చుకొనిపోతుంది. ఎర్రటి ఎండలో పై ఆకులు అవసరానికి మించి వెలుగు పొందుతాయి. అడుగు ఆకులు చీకట్లో పస్తులుంటాయి. పలచని మబ్బు కింద ఈ పంపకం కొంత సమమవుతుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలి, దాని పొగమంచు భూమినంతా ఆవరించినప్పుడు ఈ విషయం రుజువైంది. ఆ మరుసటి సంవత్సరం అమెరికాలోని హార్వర్డ్ అరణ్యంలో, మబ్బులేని మధ్యాహ్నాలలో చెట్ల కిరణజన్య సంయోగక్రియ సుమారు 23 శాతం పెరిగినట్లు శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అందిన మొత్తం వెలుగు తగ్గింది. కాని అది చెదిరి అడుగు ఆకులకు చేరింది. అలాగని దట్టమైన ముసురు పైరుకు మేలని అనరాదు. వెలుగు మరీ తగ్గితే సమంగా పంచినా ఎవరికీ చాలదు.

మూడవది, వెలుగు రంగును మార్చడం. కంటికి కనిపించే రంగులను మేఘంలోని నీరు అంతగా పట్టించుకోదు. అన్నిటినీ సమంగా చెదరగొడుతుంది. అందుకే మబ్బు తెల్లగానో బూడిదరంగుగానో ఉంటుంది. పరారుణంలో మాత్రం నీటికి, నీటి ఆవిరికి కొన్ని ఇష్టమైన చోట్లు ఉన్నవి: 940, 1,130, 1,380 నానోమీటర్ల వంటివి. అక్కడి కాంతిని మేఘమూ, తేమగాలీ పీల్చుకుంటాయి. ఫలితంగా మబ్బు కింద మొత్తం శక్తి తగ్గినా, అందులో కంటికి కనిపించే కాంతి పాలు పెరుగుతుంది. నిర్మలాకాశంలో అది సుమారు 45 శాతం ఉంటే మబ్బు కింద 50 శాతం దాటవచ్చు. ఆకు తినేది ఆ కాంతినే గదా! అంటే మబ్బు పైరుకు వడ్డన తగ్గించినా, వడ్డించినదానిలో తినదగిన పాలు హెచ్చు చేస్తున్నదన్నమాట.

తిప్పికొట్టే పాలు పెరుగుతుందా, తరుగుతుందా?

మబ్బు కింద చేను తక్కువ వెలుగును వెనక్కి పంపుతుందని వేరే చెప్పనక్కరలేదు, అందుకున్నదే తక్కువ. అడగవలసినది, అందుకున్నదానిలో ఎన్నో వంతు వెనక్కి పంపుతుంది అని. దీనికి ఒకే జవాబు లేదు. జవాబు వేళను బట్టి మారుతుంది.

సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కిరణాలు నిలువుగా దిగి ఆకుల సందులలో లోతుకు పోతాయి. లోతుకు పోయిన కాంతి మళ్ళీ బయటికి వచ్చేలోగా ఏదో ఒక ఆకుకు చిక్కుతుంది. కాబట్టి తిప్పికొట్టే పాలు తక్కువ. ఉదయం, సాయంత్రం ఏటవాలు కిరణాలు పై ఆకుల మీదనే జారి వెనక్కి పోతాయి; తిప్పికొట్టే పాలు ఎక్కువ. చెదిరిన వెలుగు అన్ని దిక్కులనుంచి వస్తుంది గనుక అది ఈ రెంటికీ నడుమ, సూర్యుడు నడినెత్తి నుంచి సుమారు 50 డిగ్రీలు వాలినప్పటి ఎండలాగా ప్రవర్తిస్తుంది. శంషాబాదు ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు. ఆగస్టు మొదటివారంలో అక్కడ మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. ఆ వేళ మబ్బు కమ్మితే చేను తిప్పికొట్టే పాలు పెరగాలి. సూర్యోదయమైన కాసేపటికి కమ్మితే తగ్గాలి.

దీనికి తోడు రంగు మార్పు ఒకటి ఉన్నది. మబ్బు కింద పరారుణపు పాలు తగ్గి, ఆకు ఇష్టపడి పీల్చే కాంతి పాలు పెరుగుతుంది. అందువల్ల మొత్తం మీద తిప్పికొట్టేది తగ్గడానికి వీలున్నది. మధ్యాహ్నవేళ ఈ రెండు ప్రభావాలూ ఎదురెదురుగా లాగుతాయి. ఏది గెలుస్తుందన్నది మబ్బు మందాన్ని, పైరు దట్టాన్ని బట్టి ఉంటుంది. ఒక్క సూత్రంతో తేల్చగల వ్యవహారం కాదు గనుకనే చేనిదగ్గర నిలబడి కొలవవలసి వస్తున్నది.

తెల్లపలక తెచ్చిన తంటా

చేనిదగ్గర కొలిచే పద్ధతి వినడానికి సులభం. శాస్త్రజ్ఞుడు వర్ణపటమాపకం పట్టుకొని ముందు ఒక తెల్లపలకను చూస్తాడు. ఆ పలక తనమీద పడిన వెలుగును దాదాపు మొత్తం తిప్పికొడుతుంది. కాబట్టి పడిన వెలుగు ఎంతో తెలుస్తుంది. తరువాత పైరును చూస్తాడు. రెండవదానిని మొదటిదానితో భాగిస్తే పైరు తిప్పికొట్టే పాలు వస్తుంది. చిక్కల్లా ఈ రెండు చూపుల మధ్య గడిచే కొద్ది క్షణాలలోనే ఉన్నది.

వానకాలపు ఉదయాలలో దూదిపింజలవంటి మబ్బులు విడివిడిగా తేలిపోతుంటాయి. కిలోమీటరు వెడల్పుగల మబ్బునీడ సెకనుకు 10 మీటర్ల వేగంతో కదిలితే ఒక చేనిని 100 సెకన్లలో దాటిపోతుంది. పలకను ఎండలో చూచినప్పుడు 100 పాళ్ళ వెలుగు ఉన్నదనుకుందాం. పైరు పరారుణంలో నిజంగా తిప్పికొట్టేది 44 శాతం. పైరును చూచే సమయానికి పలచని మబ్బు అడ్డం వచ్చి వెలుగు సగమైతే, పరికరం 22 శాతమే చూపుతుంది. ఆరోగ్యమైన పైరు రోగిష్ఠిగా లెక్కకెక్కింది! తారుమారుగా, పలకను నీడలో చూచి పైరును ఎండలో చూస్తే 88 శాతం వస్తుంది. అంతగా మెరిసే పైరు లోకంలో ఎక్కడా లేదు.

మరొక తమాషా ఉన్నది. తెల్లని మబ్బు సూర్యునికి అడ్డం రాకుండా, పక్కనే నిలిచినప్పుడు దాని అంచులు అద్దంలాగా అదనపు కాంతిని చేనిమీదికి పంపుతాయి. అప్పుడు నేలమీద పడే వెలుగు, మబ్బే లేనినాటికంటె ఎక్కువ కావచ్చు.

విమానాశ్రయపు వాతావరణ పరిశీలకులు ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించి, అందులో ఎన్ని భాగాలు మబ్బుతో కప్పబడి ఉన్నవో, ఆ మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉన్నదో తెలియజేస్తుంటారు. విమానం నడిపేవారికి ఆ లెక్క ప్రాణప్రదం. చేనిలో కొలిచేవారికి మాత్రం అది చాలదు. ఆకాశంలో నాలుగు భాగాలు మబ్బున్నదంటే చేనికి సగం ఎండ అందుతున్నదని అర్థం కాదు. ఏ క్షణంలోనైనా ఆ చేనికి ఎండ ఉన్నా ఉంటుంది, లేకున్నా లేదు. అందుచేత నేడు రెండు పరికరాలను ఒకేసారి వాడే పద్ధతి వచ్చింది: ఒకటి ఆకాశంవైపు, ఒకటి పైరువైపు చూస్తూ ఒకే క్షణంలో కొలుస్తాయి.

రెండు దారులు

ఇంకొక ఉపాయం ఏమంటే, వెలుగు ఎంత అని అడగకుండా, రెండు రంగుల మధ్య తేడా ఎంత అని అడగడం. పరారుణంలోనుంచి ఎరుపును తీసివేసి, ఆ వచ్చినదానిని రెంటి మొత్తంతో భాగిస్తారు. దీనిని వృక్షసూచిక అంటారు, ఎన్.డి.వి.ఐ. అనే పొడి అక్షరాలతో ఇది ప్రసిద్ధం. పైరు పరారుణంలో 44 పాళ్ళు, ఎరుపులో 4 పాళ్ళు తిప్పికొడితే తేడా 40, మొత్తం 48, సూచిక 0.83. మబ్బునీడ పడి రెండూ సగమైతే 22, 2; తేడా 20, మొత్తం 24; సూచిక మళ్ళీ 0.83. మబ్బు వచ్చింది, వెలుగు తగ్గింది, అయినా జవాబు చెడలేదు. నీడలు ఎరుపులో చిక్కగాను, పరారుణంలో పలచగాను ఉండడం వలన ఇది కూడా కొద్దిగా కదలక మానదు. అయినా ఆ కదలిక మునుపటి పొరపాటుతో పోలిస్తే స్వల్పం.

అయితే ఇక్కడే ఒక ఉచ్చు ఉన్నది. వెలుగు చేసే ప్రయాణంలో రెండు దారులున్నవి. సూర్యునినుంచి పైరుకు దిగివచ్చే దారి ఒకటి. పైరునుంచి ఉపగ్రహపు కంటికి ఎక్కిపోయే దారి ఒకటి. మొదటి దారిలో మబ్బు అడ్డుపడితే ఏమవుతుందో పైన చూశాం: వెలుగు తగ్గుతుంది, రంగుల నిష్పత్తి చాలవరకు నిలుస్తుంది. రెండవ దారిలో పలచని మబ్బు అడ్డుపడితే కథ వేరు. అది సూర్యకాంతిని తానే తిప్పికొట్టి, పైరు పంపిన వెలుగుకు తన తెల్లని వెలుగును కలుపుతుంది. ఎరుపుకు 10, పరారుణానికి 10 పాళ్ళు కలిపిందనుకుందాం. 44 కాస్తా 54 అయింది. 4 కాస్తా 14 అయింది. తేడా 40 గానే ఉన్నది గాని మొత్తం 68 అయింది. సూచిక 0.59కి పడిపోయింది.

ఇప్పుడు మబ్బులేని మరొక చేను చూడండి. అక్కడ వానలు లేక పైరు పలచబడి, పరారుణంలో 35 పాళ్ళు, ఎరుపులో 9 పాళ్ళు తిప్పికొడుతున్నది. తేడా 26, మొత్తం 44, సూచిక 0.59. అంటే పలచని మబ్బు కింది ఏపైన పైరు, నిర్మలాకాశం కింద నీరందని పైరు ఈ లెక్కలో ఒక్కటే! మొదటి దారిలోని మబ్బు వెలుగును తగ్గిస్తుంది; రెండవ దారిలోని మబ్బు సాక్ష్యాన్నే మార్చుతుంది. పైరు చిత్రాలు చదివేవారు అన్నిటికంటె ముందు తేల్చుకోవలసినది, మబ్బు ఉన్నదా లేదా అని మాత్రమే కాదు, ఏ దారిలో ఉన్నది అని.

మబ్బును పట్టుకొనే ఉపాయాలు

దట్టమైన మబ్బును గుర్తించడం కష్టం కాదు. అది తెల్లగా మెరుస్తుంది, పై భాగం చల్లగా ఉంటుంది. వెలుగును, వేడిని కలిపి చూస్తే దొరికిపోతుంది. ఈకలవలె ఎంతో ఎత్తున ఉండే సిరస్ మేఘాలు అలా కావు. కంటికి ఆనీ ఆననట్లుంటాయి. వీటిని పట్టడానికి 1,380 నానోమీటర్ల ప్రాంతం పనికివస్తుంది. అక్కడ నేలకు దగ్గరగా ఉన్న నీటి ఆవిరి వెలుగునంతా పీల్చివేస్తుంది గనుక నేల, పైరు కనిపించవు. ఆ ఆవిరికి పైన, చాలా ఎత్తున ఉన్న సిరస్ మాత్రమే కనిపిస్తుంది. 2013లో పోయిన ల్యాండ్‌శాట్-8, 2015లో పోయిన సెంటినెల్-2ఎ ఉపగ్రహాలలో దీనికోసమే ఒక ప్రత్యేకమైన కన్ను అమర్చారు.

మబ్బుకంటె దాని నీడ మరింత మోసకారి. మన దూరసంవేదన ఉపగ్రహాలు సాధారణంగా ఉదయం 10.30 ప్రాంతంలో మీదుగా పోతాయి. ఎండ ముదిరి మబ్బులు పోగుపడకముందే చిత్రం తీయడం ఆ వేళ ఎంచుకోవడానికి ఒక కారణం. అప్పటికి సూర్యుడు తూర్పున ఉంటాడు గనుక నీడ మబ్బుకు పడమటివైపు పడుతుంది. మబ్బు రెండు కిలోమీటర్ల ఎత్తున ఉండి, సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉంటే నీడ రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. చిత్రంలో ఆ నల్లమచ్చను చూచి చెరువని భ్రమపడడం కద్దు. చెరువులు నిండుగా ఉన్న తెలంగాణలో ఆ భ్రమకు అవకాశం మరీ ఎక్కువ.

పాతికేళ్ళకు పైగా వాడుకలో ఉన్న మరొక ఉపాయం, పది పదిహేను రోజుల చిత్రాలను ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్కొక్క చోట అన్నిటికంటె హెచ్చుగా వచ్చిన సూచికను తీసుకోవడం. రెండవ దారిలోని మబ్బు సూచికను తగ్గిస్తుందేగాని పెంచదు గనుక, హెచ్చు అంకె వచ్చిన రోజే మబ్బు తక్కువగా ఉన్న రోజని నమ్మవచ్చు. 1980ల చివర హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ చేపట్టిన కరువు పరిశీలన ఈ పద్ధతి మీదనే నడిచింది.

వానకాలపు చిక్కు

ఇన్ని ఉపాయాలున్నా ఒక చిక్కు మిగిలే ఉన్నది. యాసంగిలో ఆకాశం తేటగా ఉంటుంది. పైరును చూడడం సులభం. కాని వానకు కనిపెట్టుకొని ఉండే పత్తి, కంది, మొక్కజొన్న వంటి పైర్లు వానకాలంలోనివి. జూన్‌లో నైరృతి రుతుపవనం ప్రవేశించింది మొదలు, జూలై, ఆగస్టు నెలల్లో ఆకాశం తెరిపి ఇవ్వడం అరుదు. మబ్బు ఉన్నంత మాత్రాన వాన కురుస్తుందని లేదు. వారాల తరబడి మబ్బులు కమ్ముకొని, చినుకు రాలకుండా పోయే రోజులు రైతులకు కొత్తకాదు. పైరు వాడుతున్నదా అని తెలియవలసిన ఆ రోజుల్లోనే ఉపగ్రహపు కంటికి తెర పడుతుంది. పదిహేను రోజుల చిత్రాలు పేర్చినా అన్నిటిలోనూ మబ్బే ఉంటే ఏరుకోవడానికి ఏముంటుంది?

అందుకే శాస్త్రజ్ఞులు సూర్యకాంతిని వదలి రాడార్ తరంగాలను ఆశ్రయించారు. 2012 ఏప్రిల్ 26న మన దేశం పంపిన రీశాట్-1 వాడిన తరంగాల పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. మిల్లీమీటరులో నూరోవంతు ఉండే మబ్బు బిందువులు అంత పెద్ద తరంగానికి లెక్కలోనివి కావు. మబ్బులోనుంచి అది నిరాటంకంగా పోతుంది. పగలు రాత్రి అనే తేడా కూడా లేదు. దాని తరువాత 2022 ఫిబ్రవరి 14న ఇ.ఒ.ఎస్.-04, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి భారత, అమెరికా దేశాల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ పోయినవి. నైసార్ సుమారు 24 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్ల పొడవుగల రెండు తరహాల తరంగాలతో చూస్తుంది.

అయితే రాడార్‌కు రంగు తెలియదు. ఆకు పచ్చగా ఉన్నదా, పండుబారిందా అన్నది చెప్పలేదు. పైరు ఎంత ఎత్తున, ఎంత గుబురుగా ఉన్నది, ఆకులలోను నేలలోను తడి ఎంత ఉన్నది అన్నవే దానికి తెలిసిన సంగతులు. కాబట్టి తెరిపి దొరికిన రోజున సూర్యకాంతితో తీసిన చిత్రాన్ని, మబ్బు రోజుల రాడార్ చిత్రాన్ని జతచేసి చదవడం నేడు అనుసరిస్తున్న పద్ధతి. ఒకటి పైరు రంగు చెబుతుంది. రెండవది దాని ఒడ్డూపొడవూ చెబుతుంది. ఈ రెండింటికీ చేనిగట్టు మీద నిలబడి చూచిన మనిషి సాక్ష్యం కూడా తోడు కావాలి. ఎంత గొప్ప ఉపగ్రహమైనా తన లెక్క సరియైనదో కాదో తెలుసుకొనేది ఆ సాక్ష్యంతో పోల్చుకొనే.

వెలుగుమచ్చను చూడడానికి విమానం ఎక్కనక్కరలేదు. ఎండకాచిన ఉదయం ఏ పచ్చిక మైదానం దగ్గరో, వరిమడి గట్టుమీదనో సూర్యునికి వీపు పెట్టి నిలబడి, తన తల నీడ పడిన చోట పైరును చూస్తే చాలు. తల నీడ చుట్టూ పైరు కాస్త ఎక్కువగా మెరుస్తుంటుంది. మంచుబిందువులు ఉంటే ఆ మెరుపు మరీ హెచ్చు. అందులో బిందువుల పాలు కూడా ఉంటుంది. మంచు ఆరిన తరువాత కూడా కొంత మెరుపు నిలిచి ఉంటే అది నీడలు దాగడం వలన కలిగినది. ఒక మబ్బు సూర్యుని కప్పేవరకు ఆగి మళ్ళీ చూడాలి. మెరుపు పోతుంది, చేను చదునవుతుంది. అంతవరకు చీకటిలో ఉన్న అడుగు ఆకులు మాత్రం పచ్చగా బయటపడతాయి. పాఠశాల విద్యార్థులు సైతం చేయగల ఈ పరిశీలనకు పరికరమేదీ అక్కరలేదు.